నట్టు, బోల్టుల ఇనుప ఇల్లు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాళ్ళు లోకంలో కొల్లలు. కానీ కుందేళ్ళను ఇంట్లోనే పెట్టుకుని, రోజూ వాటి నాలుగేసి కాళ్ళు కళ్ళారా చూస్తూ కూడా ఆ మాట వదలని మనిషి ఆ వీధిలో ఒక్కడే ఉన్నాడు. కిటికీలకూ గుమ్మాలకూ గ్రిల్స్ చేసే వెల్డరు ఆయన. అందరూ ఇనుపాయన అనేవారు. ఆయన భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని ఇళ్ళకు పరదాలు కుట్టేది కాబట్టి ఆవిడ టైలరమ్మ. వాళ్ళ పదేళ్ళ కూతురు పిడుగు. ఆ పేరెందుకు వచ్చిందో తెలియాలంటే ఆ పిల్లతో ఒక పూట గడిపితే చాలు.

కుందేళ్ళకు పేర్లు పెట్టింది పిడుగే. నాన్న సామాను పెట్టెలోంచి ఏరి పెట్టింది: నట్టు, బోల్టు, వాషరు. ఇప్పుడు వాషరు లేదు. వాషరు పోయిన కథ కొంచెం చెప్పుకోవాలి, ఆ ఇంట్లో తగాదాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

టైలరమ్మకు ఒక తమ్ముడు. వడ్రంగి. మూడు వీధుల అవతల ఉంటాడు. మేనకోడలి ముచ్చట కొద్దీ మొదటి గూడు అతనే చేశాడు. మంచి చెక్క, నున్నగా చిత్రిక పట్టి, అంచులన్నీ గుండ్రం చేసి, చూసినవాళ్ళు అందులో తామే కాపురం పెడదామా అనుకునేట్టు చేశాడు. ముందు వైపు మాత్రం కోళ్ళ జాలి కొట్టి వదిలేశాడు. కోళ్ళ జాలి కోళ్ళను లోపల ఆపుతుంది గానీ కుక్కను బయట ఆపదు. ఒకరోజు పొద్దున్నే వీధికుక్క ఆ జాలిని పీకేసి వాషరును ఎత్తుకుపోయింది.

"చెక్కపని చేసేవాడికి దొంగ కన్ను ఉండదురా," అన్నాడు ఇనుపాయన బావమరిదితో, పిల్ల ఏడుస్తుండగానే. "నేను గ్రిల్ పెట్టేముందు ఇంటి బయట నిలబడి దొంగలా చూస్తాను. చెయ్యి ఎక్కడ దూరుతుంది, కడ్డీ ఎక్కడ వంగుతుంది అని. నువ్వేం చూశావు? సోకు చూశావు."

వడ్రంగి పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు నెలలైంది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. బావమరిది బతకగోరతాడని సామెత. ఈ బావమరిది బావను పలకరించడానికే ఇష్టపడలేదు.

ఆ తర్వాత నట్టూ బోల్టూ ఇంట్లోకి చేరాయి. వాటితోపాటు బొచ్చూ చేరింది. మిషను మీద, పరదాల మీద, దిండ్ల మీద, చివరికి టైలరమ్మ ఊపిరితిత్తుల్లో. మొదట దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత ఈల వేసినట్టు ఊపిరి. డాక్టరు నోట్లోకి కొట్టుకునే ఇన్హేలరు ఒకటి ఇచ్చి, ఇంట్లో ఆ జంతువులుండగా మందులు పనిచేయవని తేల్చేశాడు. ఇంట్లో వాళ్ళు ఆ ఇన్హేలరును పంపు అనేవారు. కుందేళ్ళను వంటింటి వెనక వసారాలోకి మార్చారు. ఒక సాయంత్రం పిడుగు ఎవరికీ తెలియకుండా బోల్టును తెచ్చి తల్లి పక్కలో దుప్పటి కింద దాచింది. ఆ రాత్రే పక్కింటివాళ్ళ బండి మీద టైలరమ్మను ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది.

అప్పుడు తేలిపోయింది, కుందేళ్ళు పెరట్లో ఉండాలని. లేదా ఎవరికైనా ఇచ్చేయాలని.

"బయట వాషరును కుక్క తినేసింది. నీ దగ్గు కోసం వీటిని కూడా చంపేస్తారా?" అంది పిడుగు తల్లి కళ్ళలోకి సూటిగా చూస్తూ. కోపంతో అన్న మాటైతే తల్లి కోప్పడి ఊరుకునేది. ఆ పిల్ల నిజంగానే అడిగింది. ఆ ప్రశ్న టైలరమ్మ గొంతులో చేప ముల్లులా ఇరుక్కుపోయింది. ఆ రోజు నుంచి కుందేళ్ళ విషయంలో ఆమె నోరు విప్పడం మానేసింది. తన మూలంగానే కదా ఇదంతా, ఇక తను ఏం చెప్పినా తన సుఖం కోసమే చెప్పినట్టుంటుంది అనుకుంది.

పశువుల డాక్టరమ్మ ఒక చీటీ మీద రాసిచ్చింది: నీడ ఉండాలి, గాలి ఆడాలి, నేల నుంచి ఎత్తులో ఉండాలి, కింద చెక్క పలక ఉండాలి, గడియ గట్టిగా ఉండాలి. ఇనుపాయన చీటీ మొత్తం చదివాడు. అందులో ఆయన మనసుకు హత్తుకున్నది చివరి మాటే.

వారం రోజులు ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని గూడు చేశాడు. మూడు వైపులా, పైనా మందపాటి ఇనుప రేకు. ముందు వైపు రెండు వేళ్ళ సందుతో కడ్డీలు. తలుపు బందులు సుత్తితో కొట్టినా ఊడకుండా వెల్డింగ్. ఎవరూ ఎత్తుకుపోకుండా నాలుగు కాళ్ళూ సిమెంటులో పాతాలనుకున్నాడు. చెక్క పలక ఒక్కటే ఆయనకు నచ్చని సంగతి. అయినా డాక్టరమ్మ రాసింది కాబట్టి పాత గూటి పలకనే పీకి కింద నుంచి స్క్రూలతో బిగించాడు. తలుపుకు తాళం కప్ప వేశాడు. తాళం చెవులు రెండూ ఆయన రింగుకే.

"చెవి ఇద్దరి దగ్గరుంటే అది తాళమే కాదు," అన్నాడు. పిడుగు వైపు ఒక చూపు విసిరి, "కొందరు వాటిని దుప్పట్లో దాస్తారు కూడా," అన్నాడు.

గూడు పెట్టడానికి చోటు వెతికింది నిన్న సాయంత్రం. పెరటి గోడ పక్కన చల్లగా, హాయిగా నీడ పరుచుకుని ఉంది. ఇదే చోటన్నాడు ఇనుపాయన. పిడుగు తల ఊపింది. టైలరమ్మ నాలుక చివరి దాకా ఒక మాట వచ్చింది. ఆమె బట్టలు ఆరేసేది సరిగ్గా అక్కడే. ఎందుకంటే పొద్దున్న ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఆ పెరట్లో ఎండ అంతా అక్కడే కాస్తుంది. తడి దుప్పటి కూడా గంటన్నరలో పెళపెళలాడుతుంది. ఆ మాట పెదవి దాటలేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. బయట సిమెంటు కలిపే చప్పుడు వినపడుతూనే ఉంది.

ఇక ఈ రోజు.

ఇనుపాయన ఆరింటికే కుందేళ్ళకు గడ్డీ నీళ్ళూ పెట్టి, తాళం వేసి, ఊరి అవతల ఏదో గోదాముకు కిటికీ ఊచలు బిగించడానికి పోయాడు. పిడుగు పరీక్ష రాయడానికి బడికి పోయింది. పన్నెండున్నరకు వస్తుంది. టైలరమ్మ ఒకరి ఇంటి పరదాలు కుడుతూ కూర్చుంది. ఎనిమిదైంది. పెరటి వైపు చూడలేదు. తొమ్మిదైంది. రేకు మీద ఎండ పడుతూ ఉంటుందని తెలుసు. రేకు మందపాటిది, ఏమీ కాదులే అనుకుంది. పదిన్నరకు దారం తెగింది. మళ్ళీ ఎక్కించబోతే సూది బెజ్జం కనపడలేదు. ఎవరినీ మోసం చేయలేనని అప్పుడు తెలిసింది ఆమెకు, ముఖ్యంగా తనను తాను.

పెరట్లోకి పరుగెత్తింది.

పది అడుగుల దూరం నుంచే వేడి ముఖానికి తగిలింది. గూటి లోపల నట్టు ఒక మూలకు నొక్కుకుని, నోరు తెరిచి, పొట్ట డొక్కలు ఎగిరెగిరి పడేలా ఊపిరి తీస్తోంది. బోల్టు పక్కకు పడిపోయి ఉంది. కాళ్ళు చాపేసింది. నీళ్ళ గిన్నె ఒలికిపోయి ఎండిపోయింది. కడ్డీ పట్టుకోబోయి టైలరమ్మ కెవ్వుమని చెయ్యి లాక్కుంది.

"బోల్టూ!" అని పిలిచింది. చెవి కూడా కదలలేదు.

ఇనుపాయనకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. నిప్పురవ్వలు పడతాయని ఆయన ఫోన్ పెట్టెలో పడేసి పనిచేస్తాడు. భోజనానికి ఒంటిగంటకు గానీ పెట్టె తెరవడు. ఏడుసార్లు చేసింది. పశువుల డాక్టరమ్మకు చేసింది.

"ముందు వాటిని బయటికి తీసి నీడలో పెట్టండి. చెవులకు తడిగుడ్డ అద్దండి. మామూలు నీళ్ళే, ఐసు వద్దు."

"తీయలేనమ్మా. తాళం వేసుంది."

"చెవి?"

"ఆయన దగ్గరుంది."

"అయితే గూటినే నీడలోకి జరపండి."

"సిమెంటులో పాతాడమ్మా," అని టైలరమ్మ భోరుమంది.

"ఏడవకండి. పైన తడిపి కప్పండి. ఎలాగైనా తీయండి. టైము లేదు."

బకెట్టెడు నీళ్ళు పైన పోసింది. చుయ్యిమంది. ఇంకో బకెట్టు పోసింది. చేతికందిన పరదా గుడ్డ తడిపి పైన కప్పింది. ఎండ ముందు వైపు నుంచి కడ్డీల సందుల్లోంచి పడుతూనే ఉంది. అక్కడ ఇంకో పరదా వేలాడదీద్దామంటే అది గాలి కాస్తా ఆపేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాళం పగలగొడదామని చూసింది. సుత్తి, రంపం, కోసే మిషను అన్నీ ఆయనతోనే పోయాయి. ఊరందరికీ ఇనుము కోసిపెట్టే మనిషి ఇంట్లో ఆ పూట ఇనుము తెంచే వస్తువు ఒక్కటి లేదు. పెరట్లో దొరికిన రాయితో నాలుగు దెబ్బలు వేసింది. రాయి పగిలింది. ఆ చప్పుడుకు నట్టు బెదిరి ఇంకో మూలకు దూకింది. దూకి తూలింది. టైలరమ్మ ఇక రాయి ముట్టలేదు.

పదకొండుంబావు. పిడుగు రావడానికి గంటంబావు ఉంది.

తమ్ముడి నంబరు నొక్కడానికి ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఆయన ఊరుకుంటాడా? ఊరుకోకపోతే మానె అనుకుని నొక్కింది.

"అక్కా?" నాలుగు నెలల తర్వాత వినపడిన గొంతు.

"ఒరేయ్, పిల్లదాని కుందేళ్ళు చచ్చిపోతున్నాయిరా. తాళం. ఇనుము. నువ్వు రా."

ఏం తాళమని, ఎందుకని అడగలేదు అతను. ఎనిమిది నిమిషాల్లో పెరటి గుమ్మంలో ఉన్నాడు, వగరుస్తూ, భుజాన సంచితో. గూటి చుట్టూ ఒకసారి తిరిగాడు. తాళం కప్పను చూశాడు. తలుపు బందులు చూశాడు. కాళ్ళ దగ్గర సిమెంటును చెప్పుతో తన్ని చూశాడు.

"బావ కుందేళ్ళకు ఇల్లు కట్టాడా, జైలు కట్టాడా?" అన్నాడు. నవ్వులాటగా అనబోయాడు గానీ నవ్వు రాలేదు. "నా దగ్గర కర్ర కోసే రంపమే ఉందక్కా. దీని మీద పెడితే దీనికి గిలిగింతలు కూడా పుట్టవు."

"ఏదో ఒకటి చెయ్యి. అదుగో, బోల్టు చూడు."

అతను మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూశాడు. తర్వాత వంగి, ఇంకా వంగి, నేల మీద వెల్లకిలా పడుకుని గూటి కిందికి దూరాడు. కింద నుంచి మాట వినపడింది.

"అక్కా. ఇది నా పలకే."

"ఏమిటీ?"

"పాత గూటి పలక. నేను చిత్రిక పట్టింది. కింద నుంచి స్క్రూలు కొట్టాడు. దొంగ కన్నుతో చూసేవాడు కింద నుంచి చూడలేదే! సంచిలో ఎర్రపిడి స్క్రూడ్రైవరుంది, ఇలా పడెయ్."

ఎనిమిది స్క్రూలు. ఇనుపాయన వాటిని బిగించిన తీరు చూస్తే స్క్రూలను కూడా వెల్డింగ్ చేయాలని ఆయన మనసులో ఉన్నట్టుంది. మొదటిది ఊడింది. రెండోది ఊడింది. చట్రం ఇనుము తగిలి వడ్రంగి ముంజేయి కాలింది, బూతు ఒకటి మింగేశాడు. మూడు. నాలుగు. పైన నట్టు ఊపిరి చప్పుడు కింద దాకా వినపడుతోంది. బోల్టు చప్పుడు వినపడటం లేదు. అయిదోది మొండికేసింది. చెమట కళ్ళలోకి కారుతుంటే అతను తల ఇటు తిప్పి, "అక్కా, పలక ఊడిందంటే అవి ఒక్కసారిగా జారి పడతాయి. నా రెండు చేతులూ పలకకే కావాలి. ఎవరైనా కింద పట్టుకోవాలి. పక్కింటివాళ్ళను పిలువు," అన్నాడు.

టైలరమ్మ పక్కింటి వైపు చూసింది. వాళ్ళ గుమ్మానికి తాళం. తన ఊపిరి అప్పటికే పట్టేస్తోంది. పంపేమో కుట్టుమిషను బల్ల మీద ఉంది.

"నేనే పడతాను," అంది.

"పిచ్చా ఏంటి? నీకు బొచ్చు పడదు."

"ఒరేయ్, నువ్వు స్క్రూ తిప్పు."

ఇంట్లోకి ఒక్క పరుగున వెళ్ళి పంపు రెండుసార్లు నోట్లో కొట్టుకుని బొడ్లో దోపుకుంది. మిషను మీదున్న కొత్త పరదా గుడ్డ లాగి తెచ్చింది. ఎవరిదో, ఎల్లుండికి ఇస్తానని మాటిచ్చిన గుడ్డ. తడిపి, నాలుగు మడతలు పెట్టి, గూటి కింద మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి ఒడిలో పరిచి పట్టుకుంది. తల మీద రేకు వేడి, ముఖం మీద తమ్ముడి చెమట, ముక్కులో కుందేలు వాసన.

ఆరు. ఏడు. ఎనిమిదో స్క్రూ తల అరిగిపోయి ఉంది. స్క్రూడ్రైవరు గిర్రున జారిపోతోంది.

"ఇనుపోడికి స్క్రూ ఇచ్చినవాడిని అనాలి!" అని వడ్రంగి పళ్ళు నూరాడు. స్క్రూడ్రైవరు పారేసి, పలక ఒక మూల రెండు చేతులతో పట్టుకుని బలంకొద్దీ కిందికి గుంజాడు. తను మూడు రోజులు చిత్రిక పట్టిన పలక. పెళ్ళున విరిగింది.

ముందు గడ్డి రాలింది. దుమ్ము రాలింది. బొచ్చు మబ్బులా కమ్మేసింది. తర్వాత బరువుగా, మెత్తగా, కదలిక లేని బోల్టు టైలరమ్మ ఒళ్ళో పడింది. నట్టు మాత్రం పైన చట్రం మూలను గోళ్ళతో పట్టుకుని వేలాడుతోంది, కాలుతున్న ఇనుము మీదే. టైలరమ్మ ఊపిరి బిగబట్టి, చెయ్యి పైకి దూర్చి, మెడ కింద, వెనక కాళ్ళ కింద పట్టుకుని దాన్ని గుండెకు హత్తుకుని కిందికి లాక్కుంది. దాని గోరు మెడ మీద చారికగా గీసుకుపోయింది. నొప్పి తర్వాత తెలిసింది.

పన్నెండూ నలభైకి పిడుగు బడి సంచితో ఇంట్లోకి వచ్చేసరికి కనపడింది ఇది: వంటింటి నేల మీద అమ్మ కాళ్ళు చాపి కూర్చుని ఉంది. ఒళ్ళో రెండు కుందేళ్ళు. వాటి చెవులకు తడిగుడ్డ అద్దుతూ, ఈల వేసినట్టు ఊపిరి తీస్తూ, కళ్ళు ఎర్రగా. పక్కన మామయ్య, చేతికి తడిగుడ్డ చుట్టుకుని, విరిగిన పలకతో విసురుతున్నాడు. నాలుగు నెలలుగా కనపడని మామయ్య.

నట్టు తల ఎత్తింది. బోల్టు కళ్ళు తెరిచి ఉన్నాయి, అంతే.

"ఏమైంది?" అంది పిడుగు.

వడ్రంగి నోరు తెరవబోయాడు. టైలరమ్మ చెయ్యెత్తి ఆపింది. ఒక్కో మాటకూ ఊపిరి అరువు తెచ్చుకుంటూ చెప్పింది. "ఎండ... తగిలింది. అక్కడ పొద్దున్న ఎండ... వస్తుందని నాకు తెలుసు. నిన్నే తెలుసు. నేను చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నా కోసమే కదా... వాటిని బయటికి పంపింది. నేనేమన్నా... నీకు కోపం వస్తుందని."

పిడుగు తల్లి ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఆ చూపు ముందు టైలరమ్మకు తిట్టినా బాగుండేదనిపించింది. పిల్ల తిట్టలేదు. తల్లి బొడ్లోంచి పంపు తీసి ఆమె చేతి పక్కన నేల మీద పెట్టింది. నట్టునూ బోల్టునూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకుని చల్లటి స్నానాల గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

ఒంటిగంటన్నరకు ఇనుపాయన వచ్చాడు. పెట్టె తెరిచి ఏడు ఫోన్లు చూసి, బండి ఎలా నడిపాడో ఆయనకే తెలియదు. తాళం చెవుల రింగు చేతిలోనే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. వెనకే వచ్చిన బావమరిది ఏదో అంటాడని ఎదురు చూశాడు. అతను విరిగిన పలక ముక్క చూపించాడు.

"ఇది కూడా ఇనుమే అయ్యుంటే బావా, రెండూ పోయేవి."

ఇనుపాయన తాళం తీశాడు. తలుపు తెరిచి, పలక లేని గూట్లోకి కింద నుంచి దూరి, తలా భుజాలూ లోపల పెట్టి మోకాళ్ళ మీద నిలబడ్డాడు. ఎండ గోడ దాటుతోంది గానీ రేకు ఇంకా చల్లారలేదు. వంద లెక్కపెట్టేంతసేపు అలాగే ఉన్నాడు. బయటికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. రోజంతా నిప్పుతో పనిచేసే మనిషి.

"ఇరవై ఏళ్ళుగా బయట నిలబడే చూశానురా," అన్నాడు బావమరిదితో. "లోపలున్నవాడి వైపు నుంచి ఒక్కసారీ చూడలేదు." ఆయన జీవితంలో తప్పు ఒప్పుకోవడం అదే మొదలు కాబట్టి మాటలు సరిగ్గా కుదరలేదు. వడ్రంగి అర్థం చేసుకున్నాడు.

డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది: వాటిని వాటి దారిన కదలనివ్వండి, నీళ్ళు దగ్గర పెట్టండి, సాయంత్రానికి ఏదైనా తిని పెంటికలు వేస్తే గండం గడిచినట్టే. వేయకపోతే వెంటనే తీసుకురండి.

ఇక ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురూ స్నానాల గది తలుపు ముందు కూర్చుని కుందేలు పెంటికల కోసం ఎదురుచూశారు. ఎవరైనా చూస్తే నవ్వేవారు. వాళ్ళకు నవ్వు రాలేదు. మూడింటికి లోపలి నుంచి "నట్టు వేసింది" అని ముక్తసరిగా వినపడింది. నాలుగైంది. బోల్టు సంగతి లేదు. నాలుగున్నరకు ఇనుపాయన బండి తీసి గుమ్మం ముందు పెట్టాడు. టైలరమ్మ బోల్టుకు ఏమవుతుందోనని కాదు, బోల్టు పోతే ఆ తలుపు తెరుచుకుని పిల్ల బయటికి వచ్చినప్పుడు తనను ఎలా చూస్తుందోనని భయపడింది. ఆ భయం పడినందుకు సిగ్గుపడింది. రెండూ నిజమే.

అయిదూ పదికి కెవ్వుమని కేక. ముగ్గురూ ఒక్కసారిగా లేచారు.

"వేసింది! బోల్టు వేసింది!"

"ఎన్ని?" అన్నాడు ఇనుపాయన, లాటరీ తగిలినవాడిలా.

"ఏడు! ఆకు కూడా కొరికింది!"

బావా బావమరుదులు ఒకరి వీపు మీద ఒకరు చరుచుకున్నారు. నాలుగు నెలల మౌనం ఏడు పెంటికలతో తీరిపోయింది. కానీ పిడుగు తండ్రికి చెప్పింది, మామయ్యకు చెప్పింది. తల్లి వైపు తిరగలేదు.

మరునాడు బడి లేదు. పొద్దున్న ఎనిమిదింటికి టైలరమ్మ ఎవరినీ అడగకుండా, గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ళ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గోడ నీడ ఎంత దాకా ఉందో నేల మీద గీత గీసింది. గంటకు మళ్ళీ వెళ్ళి ఇంకో గీత. పదింటికి గీస్తుంటే పక్కన నీడ పడింది. పిడుగు. చేతిలో పెన్సిలు, చీటీ.

"ఏ గీత ఎన్నింటిదో రాయకపోతే ఎలా తెలుస్తుంది?" అంది, గీత వైపే చూస్తూ.

సాయంత్రం దాకా తల్లి గీసింది, పిల్ల రాసింది. అయిదింటికి నేలంతా తెల్లని గీతలతో బట్ట కత్తిరించే బల్లలా తయారైంది. అన్ని గీతలూ తప్పించుకున్న చోటు ఒక్కటే మిగిలింది: మెట్ల కింద, నీళ్ళ తొట్టి పక్కన, రెండు వైపుల నుంచీ గాలి ఆడే మూల. పాత చీపుళ్ళు పడేసే మూల.

"ఇక్కడ," అంది టైలరమ్మ భర్తతోనూ తమ్ముడితోనూ, గట్టిగా. "చెక్కపని తమ్ముడు చేస్తాడు. ముందు గట్టి జాలి మీరు పెడతారు. వేళ్ళకు అందే గడియ రెండు చోట్ల, కుక్క పంజాకు అందకుండా. తాళం వద్దు."

ఇనుపాయన తల ఊపాడు. వడ్రంగి టేపు తీశాడు.

పిడుగు నట్టునూ బోల్టునూ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. బోల్టు వీపు నిమురుతూ తల ఎత్తకుండానే అంది.

"ఇంకోసారి తెలిసి చెప్పకపోతే నీతో మాట్లాడను."

"సరే."

"నాకు కోపం వస్తే వస్తుంది. అయినా చెప్పాలి. దగ్గొచ్చినా చెప్పాలి."

టైలరమ్మ గొంతులోని ముల్లు కదిలింది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఇప్పుడు దగ్గొస్తోంది," అంది.

పిడుగు కుందేళ్ళను ఎత్తుకుని రెండు మెట్లు పైకి జరిగి కూర్చుంది.

"ఇప్పుడు?"

"ఇంకొక్క మెట్టు," అంది తల్లి.